మేం వినని తప్పు జవాబు

పదో తరగతి జీవశాస్త్రం పరీక్షలో ఒక రకం ప్రశ్న వస్తుంటుంది. మూత్రపిండాల డాక్టరు కలిస్తే ఏమేం అడుగుతారో నాలుగు ప్రశ్నలు రాయండి అని. పిల్లలకు ప్రశ్నించడం వచ్చిందో లేదో చూడటానికి పెట్టిన ప్రశ్న అది. ఆ నాలుగు ప్రశ్నలనూ మేం బోర్డు మీద రాసిచ్చాం. పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు, ఇంటికి పోయి బట్టీ పట్టారు, పరీక్షలో అవే రాశారు. మేం మార్కులు వేశాం. ఏ పిల్లకైనా ఐదో ప్రశ్న తోచిందేమో మాకు తెలియదు. తోచినా రాసి ఉండదు. గైడులో లేని ప్రశ్నకు మార్కు పడదేమోనని ఆ పిల్లకు భయం. ఆ భయం పెట్టింది మేమే.

కరీంనగర్ జిల్లా చొప్పదండి చుట్టుపక్కల బడుల్లో సైన్సు చెప్పినవాళ్లం, పైనుంచి చెప్పించినవాళ్లం, శాస్త్రీయ దృక్పథమంటూ ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చినవాళ్లం, మార్కుల మెమో చూసి తృప్తిపడిన తల్లిదండ్రులం, ఈ ‘మేం’లో అందరం ఉన్నాం. ఎవరి వాటా ఎంతో తూకం వేసి పంచుకునే ఉద్దేశం నాకు లేదు. పంచుకున్నకొద్దీ ఎవరికి వారికి బరువు తగ్గిపోతుంది. ఇన్నేళ్లు మేం చేసింది అదే.

మాకు ఎవరూ చెప్పలేదని అనడానికి వీల్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1980లలోనే బ్రిటిష్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. పిల్లలు చేసి, కనిపెట్టి నేర్చుకోవాలి, చుట్టూ ఉన్న పరిసరాన్నే పాఠంగా వాడుకోవాలి అన్నవి దాని సూత్రాలు. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) వచ్చినప్పుడు మొదటి విడత జిల్లాల్లోనే కరీంనగర్ ఉంది. బోధనోపకరణాలు చేసుకోమని టీచరుకు ఏటా 500 రూపాయలు చేతికిచ్చారు. 2005లో యశ్‌పాల్ నాయకత్వంలో తయారైన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం, జ్ఞానాన్ని పిల్లలు తామే నిర్మించుకుంటారని స్పష్టంగా రాసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్లో, కృత్యాలతో, అన్వేషణతో చదువు సాగాలనీ, పిల్లలు భయం లేకుండా తమ మనసులో మాట చెప్పగలగాలనీ ఉంది. 2011లో రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం వచ్చింది. 2012 నుంచి 2014 దాకా విడతలవారీగా పుస్తకాలన్నీ మారాయి. పాఠం నడుమ కృత్యాలు వచ్చాయి, ‘ఆలోచించండి - చర్చించండి’ అన్న పెట్టెలు వచ్చాయి. సైన్సుకు ఏడు విద్యా ప్రమాణాలు పెట్టారు. అందులో రెండోది ‘ప్రశ్నించడం, పరికల్పన చేయడం’.

చట్టం ఉంది, పుస్తకం ఉంది, శిక్షణ ఉంది. ఇవేవీ లేక ఓడిపోయి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

మేం ఎక్కడ తప్పామో చెప్పడానికి ఒక్క ఉదాహరణ తీసుకుంటాను. గొంగడి. మన గొల్లకుర్మల ఇళ్లల్లో అది లేని ఇల్లు ఉండేది కాదు. చలికాలం కప్పుకుంటే వెచ్చగా ఉంటుందని ఏ పిల్లనడిగినా చెబుతుంది. అయితే రెండు మంచు ముక్కలు తెచ్చి, ఒకటి గిన్నెలో వదిలేసి, ఇంకొకటి పాలిథిన్ సంచిలో వేసి గొంగట్లో చుట్టి పెడితే ఏది ముందు కరుగుతుంది? ఐదో తరగతిలో అడిగి చూడండి. చాలామంది పిల్లలు తడుముకోకుండా చెప్పే జవాబు: “గొంగట్ల పెట్టిందే సార్. గొంగడి వేడి కదా, జల్ది కరుగుతది.”

ఇది తప్పు జవాబు. కానీ ఎంత ఆలోచన ఉన్న తప్పో చూడండి. ఆ పిల్లకు వంటి మీది అనుభవం ఉంది. గొంగడిలో వెచ్చదనం ఉంది కాబట్టే నాకు వెచ్చగా ఉంది అని కారణం కట్టుకుంది. ఆ కారణం నుంచి, ఇంతవరకూ చూడని ఒక విషయం గురించి ముందే చెప్పగలిగింది. సైన్సులో పరికల్పన అంటే ఇంతే. ఆ క్షణంలో ఆ పిల్ల సైంటిస్టు పనే చేస్తోంది. ఇక జరగాల్సింది ఒక్కటే, చుట్టి పెట్టి చూడటం. అరగంట తర్వాత గొంగడి విప్పితే గిన్నెలోది నీళ్లయిపోతోంది, గొంగట్లోది ఇంకా గట్టిగా ఉంది. అప్పుడు ఆ పిల్ల ముఖంలో కనిపించే తికమకే మేం చెప్పాల్సిన అసలు పాఠం. “మరి నాకెందుకు వెచ్చగైతది?” అని అడుగుతుంది. వేడి గొంగడిది కాదు, నీది. అది బయటికి పోకుండా గొంగడి ఆపుతోంది. మంచు ముక్క విషయంలో బయటి వేడి లోపలికి రాకుండా ఆపుతోంది. ఇదే సంగతి ఆ పిల్లకు ఇంకోచోట తెలుసు కూడా. ఎండాకాలం ఐసు అమ్మేవాళ్లు దాన్ని ఊకలోనో రంపపు పొట్టులోనో కప్పి, పైన గోనెపట్టా వేసి తేవడం చూసే ఉంటుంది. చొప్పదండి రైసుమిల్లుల దగ్గర ఊక కుప్పలు కుప్పలుగా ఉంటుంది. గొంగడికి ఒక లెక్క, ఊకకు ఒక లెక్క, రెండూ ఒకే తలలో విడివిడిగా ఉన్నాయి. ఆ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టడమే టీచరు పని.

మేమేం చేశాం? “ఉన్ని అధమ ఉష్ణవాహకం” అని రాయించాం. పిల్ల రాసింది, ఒక మార్కు వచ్చింది. గొంగడిలో వేడి ఉంటుందన్న నమ్మకం ఆ వాక్యం కింద చెక్కుచెదరకుండా ఉండిపోయింది. ఆ నమ్మకం ఉందని కూడా మాకు తెలియదు, ఎందుకంటే మేం అడగలేదు. అడిగినప్పుడు కూడా మా చెవులు సరైన జవాబు కోసమే వెతికాయి. ముందు వరుసలో ముగ్గురు చెప్పగానే “వెరీ గుడ్” అని పాఠం ముందుకు తోశాం. వెనక బెంచీలోంచి వచ్చిన తప్పు జవాబును “కూర్చో” అన్న ఒక్క మాటతో మూసేశాం. క్లాసులో అన్నిటికంటే విలువైన మాట ఆ వెనక బెంచీలోనే పుట్టిందని మాకు తట్టలేదు.

పిల్లల నమ్మకాన్ని కదిలించడం తేలిక పని అని నేననడం లేదు. 1990లో అచ్చయిన ఒక వ్యాసంలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో నాలుగో తరగతి పిల్లల సంగతి ఉంది. స్వెట్టర్లు, టోపీలు వేడి పుట్టిస్తాయని వాళ్లు గట్టిగా నమ్మారు. థర్మామీటర్లు వాటిలో చుట్టి పెట్టి చూశారు. అంకె పెరగలేదు. నమ్మకం వదులుకున్నారా? లేదు. చల్లగాలి చొరబడి ఉంటుందన్నారు, ఇంకా ఎక్కువసేపు ఉంచాలన్నారు. సంచుల్లో మూసి మళ్లీ పెట్టారు. రోజులు గడిచినా వాదన తెగలేదు. ఆ టీచరు తొందరపడలేదు, వాళ్ల సందేహాలతోనే తర్వాతి ప్రయోగం చేయించింది. పిల్లలు ఎలా నేర్చుకుంటారో చెప్పిన పియాజే, వైగోత్‌స్కీ పేర్లు మేం బీఎడ్‌లో చదివాం, డీఎస్సీ బిట్ల కోసం మళ్లీ చదివాం. వాళ్ల పేర్లకు ఎదురుగా ఏ సిద్ధాంతం జతపరచాలో మాకు నిద్రలో కూడా వచ్చు. పాత ఊహ కూలేదాకా కొత్త ఊహకు చోటు దొరకదని, అది కూలడానికి సమయం పడుతుందని, ఆ సమయం ఇవ్వడమే బోధన అని మాత్రం మా పీరియడ్లలోకి రాలేదు.

మన పిల్లల తలల్లో ఏముందో తెలుసుకున్నవాళ్లు లేకపోలేదు. సమరపుంగవన్, వోస్నియాడూ, బ్రూవర్ అనే ముగ్గురు పరిశోధకులు హైదరాబాద్‌లో ఒకటో తరగతి, మూడో తరగతి పిల్లలు 38 మందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి భూమి గురించి, సూర్యచంద్రుల గురించి అడిగారు. 1996లో ఆ పరిశోధన అచ్చయింది. భూమిని నీళ్లు మోస్తున్నాయని చెప్పిన పిల్లలు అందులో ఉన్నారు. ఇంట్లో విన్న కథల్లోని సముద్రాన్ని, బడిలో విన్న గుండ్రటి భూమిని వాళ్లు ఒక్కటిగా అతికించుకున్నారు. ఎవరూ నేర్పకుండానే ఒక లోకాన్ని కట్టుకున్నారు. అలా కట్టుకుంటున్నారన్నది తెలిశాక, గ్లోబు తిప్పి చూపించి పాఠం అయిపోయిందనుకోవడానికి మాకు హక్కు లేదు. హైదరాబాద్ మనకు మూడు, నాలుగు గంటల దారి. ఆ పని చొప్పదండిలో చేయడానికి పెద్ద పరిశోధకులు అక్కర్లేదు. ఒక కాగితం, ఒక పెన్సిలు, అడిగి ఊరుకునే ఓపిక చాలు. ఒక్క బడిలోనైనా మేం చేయలేదు.

చేశామని చెప్పుకున్నవి ఉన్నాయి. డీపీఈపీ రోజుల్లో గోడల నిండా చార్టులు కట్టాం. అధికారి వచ్చే రోజు ముందు బల్లలు కలిపి పిల్లల్ని గ్రూపులుగా కూర్చోబెట్టాం. నిర్మాణాత్మక బోధన అంటే టీచరు నోరు మెదపకపోవడమని మాకు మేమే అర్థం చెప్పుకుని, పిల్లల్ని ‘చర్చించుకోండి’ అని వదిలేసి రిజిస్టర్లు రాసుకున్నాం. పిల్లల్ని అలా గాలికి వదిలేస్తే వాళ్లకు పద్ధతి రాదని పరిశోధనలు ఎప్పుడో చెప్పాయి. 2004లో క్లార్, నిగమ్ మూడు, నాలుగు తరగతుల పిల్లలతో పనిచేసి చూశారు. ప్రయోగంలో ఒక్కటి మాత్రం మార్చి మిగతావన్నీ ఒకేలా ఉంచాలన్న కీలకాన్ని, తమంతట తామే కనిపెట్టమని వదిలేసిన పిల్లలకంటే, టీచరు దగ్గరుండి చూపించిన పిల్లల్లోనే ఎక్కువమంది పట్టుకున్నారు. అంటే ఇందులో టీచరుకు పని తగ్గదు, పెరుగుతుంది. ఏ ప్రశ్న ఎప్పుడు వేయాలి, ఎక్కడ చెప్పాలి, ఎక్కడ చెప్పకుండా ఆగాలి, ఇదంతా నేర్చుకోవాల్సిన విద్య. మేం ఉపన్యాసం చెప్పడం, ఊరుకోవడం, ఈ రెండే నేర్చుకున్నాం. నడుమ ఉన్న విద్యను వదిలేశాం.

నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. పదో తరగతిలో 2014-15 నుంచి 20 మార్కులు మా చేతికిచ్చారు. భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టులు, లఘు పరీక్ష, ఈ నాలుగింట్లో పిల్లవాడి ఆలోచన చూసి మార్కులు వేయమన్నారు. ఇన్నేళ్లలో మా మీద ఎవరైనా ఉంచిన అతి పెద్ద నమ్మకం అదే. దాన్ని మేం ఎలా వాడామో కరీంనగర్‌లో ఏ స్టేషనరీ దుకాణం వాళ్లనడిగినా చెబుతారు. ప్రాజెక్టు పుస్తకాలు రెడీమేడ్‌గా అమ్ముడుపోయాయి. నీటి కాలుష్యం మీద ప్రాజెక్టు రాసిన పిల్లవాడు తన ఊరి చెరువు దగ్గరికి పోలేదు. పోలేదని మాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాం.

సైన్సు ఫెయిర్లు కూడా అంతే. ఇన్‌స్పైర్ మనక్ పథకం కింద ఎంపికైన పిల్లవాడికి 10,000 రూపాయలు వస్తాయి. ఆ పిల్లవాడి సొంత ఆలోచనకు ఇచ్చే డబ్బు అది. ఆలోచన పిల్లలది, రాత మాత్రమే మాది అని చెప్పుకున్నాం. చాలాసార్లు రెండూ మావే. పిల్లవాడు జడ్జీల ముందు నిలబడి మేం నేర్పిన నాలుగు వాక్యాలు గడగడా అప్పజెప్పాడు. “ఇందులో నీకు పని చేయనిది ఏంది? ఎన్నిసార్లు చెడిపోయింది?” అని ఏ జడ్జీ అడగలేదు. ఆ జడ్జీలమూ మేమే.

ఇప్పుడు రోకలి సంగతి. గ్రహణం పట్టినప్పుడు ఇత్తడి తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెడితే నిలుస్తుందని, విడవగానే పడిపోతుందని మన ఊళ్లల్లో నమ్మకం. 2019 డిసెంబర్ 26న, 2020 జూన్ 21న, 2022 అక్టోబర్ 25న సూర్యగ్రహణాలకు వాకిళ్లలో రోకళ్లు నిలబెట్టారు. ఫోటోలు ఫోన్లన్నీ తిరిగాయి, టీవీల్లో చూపించారు. మొదటిది క్రిస్మస్ మర్నాటి సెలవునాడు, రెండోది కరోనా మూతల్లో ఆదివారంనాడు, మూడోది సాయంత్రం పూట వచ్చాయి. కాబట్టి బడిలో దాని గురించి మాట్లాడే అవసరమే రాలేదని మాకు మేం సర్దిచెప్పుకున్నాం.

శాస్త్రీయ పద్ధతి నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు. నమ్మకం ఊరంతటిది. పరికరం ప్రతి ఇంట్లోనూ ఉంది. పైసా ఖర్చు లేదు. గ్రహణం వెళ్లిన మర్నాడే ఆ రోకళ్లను బడికి తెప్పిస్తే చాలు. నిజంగా నిలబడిందా? నిలబడింది, పిల్లలు కళ్లారా చూశారు. దాన్ని కాదనకూడదు. ఎందుకు నిలబడింది? “సూర్యుడు, చంద్రుడు ఒక్కదిక్కుకే వచ్చి పైకి గుంజుతరు సార్” అని ఒకరంటారు. “నీళ్లు పట్టుకుంటయి” అని ఇంకొకరు. “ఇత్తడి మహిమ” అని మరొకరు. మూడు ఊహలు, మూడూ పరీక్షకు నిలబడాల్సినవే. మొదటి ఊహే నిజమైతే ప్రతి అమావాస్యకూ నిలబడాలి, ఎందుకంటే ప్రతి అమావాస్యకూ సూర్యచంద్రులు ఇంచుమించు ఒకే దిక్కున ఉంటారు. పున్నమినాడు నిలబడకూడదు. ఉత్త మంగళవారం అసలే నిలబడకూడదు. నీళ్ల ఊహ నిజమైతే నీళ్లు తీసేస్తే పడిపోవాలి. ఇత్తడి ఊహ నిజమైతే స్టీలు పళ్లెంలో నిలవకూడదు. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవాలి. పొన్ను చదునుగా ఉన్న రోకలి, అరిగి గుండ్రమైపోయిన రోకలి, రెండూ పెట్టి చూడాలి.

చేసి చూసినవాళ్లకు తెలుసు. అడుగు చదునుగా ఉన్న రోకలి, ఓపికగా నిలబెడితే ఏ రోజైనా నిలుస్తుంది. అడుగు అరిగింది గ్రహణంనాడు కూడా నిలవదు. గ్రహణంనాడు మనకు ఓపిక ఎక్కువ. నిలుస్తుందన్న నమ్మకంతో పది నిమిషాలు చేతులు వణకకుండా ప్రయత్నిస్తాం. మిగతా రోజుల్లో ఎవరూ ప్రయత్నించరు, కాబట్టి మిగతా రోజుల్లో నిలవదనుకుంటాం. చూడని రోజును చూసినట్టు లెక్కేసుకోవడంలోనే పొరపాటంతా ఉంది. ఆ మాట ఐదో తరగతి పిల్ల తన నోటితో చెప్పగలదు, మేం చెప్పకుండా ఉంటే.

మేమెందుకు చేయించలేదో దాచుకోను. సమయం లేక కాదు, సిలబస్ భారం వల్ల కాదు. భయం వల్ల. కొండగట్టు మన పక్కనే ఉంది, వేములవాడ దూరం కాదు. గ్రహణం వస్తే గుళ్లు మూస్తారు, ఇళ్లల్లో పొయ్యి వెలిగించరు. “సారు దేవుణ్ణి నమ్మొద్దంటున్నడట” అని సాయంత్రానికి ఊళ్లో మాట పుడుతుందని భయం. రోకలి ప్రయోగంలో దేవుడి ఊసే లేదని ఆ తల్లిదండ్రుల్ని పిలిచి కూర్చోబెట్టి చూపించి ఉండొచ్చు, వాళ్లూ తమ చేతులతో నిలబెట్టి ఉండేవాళ్లు. అంత దూరం మేం ఆలోచించలేదు. ఇంకో కారణం దీనికంటే లోతైంది. మాలో చాలామందిమి ఆ పూట మా ఇళ్లల్లో కూడా పొయ్యి వెలిగించలేదు, ఊరగాయ జాడీల మీద గరిక వేశాం. పిల్లల నమ్మకాన్ని పరీక్షకు పెడితే మా నమ్మకం కూడా పరీక్షకు నిలబడాలి. దానికి మేం సిద్ధంగా లేం. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చారు. 51ఎ అధికరణం అని మేం పిల్లలకు సాంఘికశాస్త్రంలో నేర్పించాం, బిట్టు ప్రశ్నగా.

సైన్సు ప్రచారం చేసిన మాకు ఇందులో ఇంకో తప్పు ఉంది. మేం ఊళ్లకు పోయి గ్రహణం ఎలా పడుతుందో బొమ్మలు వేసి చెప్పాం, మూఢనమ్మకాలు వదలండని చెప్పాం. పిల్లలకు పోటీలు పెట్టాం, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించమన్నాం. పూజారి చెప్పిన మాట స్థానంలో మా మాట పెట్టాం. నమ్మే పద్ధతి మాత్రం మారలేదు. ఎవరో పెద్దమనిషి చెప్పాడు కాబట్టి నిజం అన్నది అలాగే ఉండిపోయింది. మేం చెప్పిన మాట సరైనదే కావచ్చు. పిల్లవాడు దాన్ని తన చేత్తో తేల్చుకోనంతవరకు అది వాడికి మరో నమ్మకమే. రేపు ఇంకా గట్టిగా మాట్లాడేవాడు వస్తే వాడి వెంట పోతాడు. పోయారు కూడా.

బోర్ల సంగతి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నీళ్లు పడే చోటు చూపిస్తానని అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చెలకలో నడిచే మనిషిని మన దగ్గర చూడనివాళ్లు లేరు. కాయ లేచి నిలబడ్డ చోట బండి వచ్చి బోరు వేస్తుంది. ఎండిన బోర్ల అప్పు మోసిన ఇళ్ల పిల్లలే మా క్లాసుల్లో కూర్చున్నారు. ఒక ఊరి బోర్లన్నీ పిల్లలే రాసుకుని ఉంటే? ఏ బోరు ఎవరు చూపించిన చోట వేశారు, ఎవరూ చూపించకుండా వేసినవి ఎన్ని, నీళ్లు పడ్డవి ఎన్ని, పడనివి ఎన్ని. పడ్డవి అందరూ చెబుతారు, పడనివి అడిగితేగాని చెప్పరు. అదే మనిషిని కళ్లకు గంత కట్టి మళ్లీ నడిపిస్తే అదే చోట ఆగుతాడా? జర్మనీలో మ్యూనిక్ దగ్గర 1987-88లో ఇలాంటి పరీక్షే పెద్ద ఎత్తున జరిగింది. నీళ్లు చూపగలమన్న దాదాపు 500 మందిలోంచి 43 మందిని ఏరి, ఒక కొట్టం పై అంతస్తులో నడిపించారు. కింద నీటి గొట్టాన్ని చోటు మార్చి మార్చి పెట్టారు. కొందరికి ఆ శక్తి ఉందని పరీక్ష పెట్టినవాళ్లు చెప్పుకున్నారు. ఆ అంకెలనే తర్వాత ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త మళ్లీ లెక్కేస్తే, గుడ్డిగా చెప్పినదానికీ దానికీ తేడా దొరకలేదు. మన పిల్లలు రాసిన లెక్క ఏం తేల్చేదో నేను ముందే చెప్పకూడదు, వాళ్లే తేల్చాలి. అంకెలు చేతిలో ఉన్న ఎనిమిదో తరగతి కొడుకు ఇంట్లో తండ్రితో రెండో బోరు గురించి కూర్చుని మాట్లాడి ఉండేవాడేమో. ఆ మాట ఎన్ని ఇళ్లల్లో జరగలేదో నాకు తెలుసు. మేం మాత్రం భూగర్భజలాల పాఠం సమయానికి పూర్తి చేశాం.

పక్కన రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో భూమి లోపల 139 మెగావాట్ల మోటార్లు ఏడు బిగించి, 2019 నుంచి గోదావరి నీళ్లను పైకి ఎత్తిపోస్తున్నారు. అంత పెద్ద భౌతికశాస్త్రం పాఠం మన గడపలోకి వచ్చింది. పిల్లల్ని తీసుకుపోయాం, వరుసలో నిలబెట్టి ఫోటోలు దిగాం, వాట్సాప్ గ్రూపులో పెట్టాం. నీటిని ఒక మీటరు ఎత్తాలంటే ఎంత కరెంటు కావాలో ఇంట్లో మోటారుతో, బకెట్టుతో, మీటరు రీడింగుతో లెక్కగట్టి రమ్మని ముందు రోజు చెప్పి ఉంటే, ఆ పిల్లలు అక్కడ నిలబడి అడిగే ప్రశ్నలు వేరుగా ఉండేవి.

భాష విషయంలో కూడా మాదే తప్పు. “గిట్లెందుకైతది సార్?” అని అడిగిన పిల్లవాడి మాటను ముందు దిద్దాం, ప్రశ్నను తర్వాత విన్నాం, ఒక్కోసారి అసలు వినలేదు. 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇచ్చారు. ఇంగ్లిష్ కావాలని అడిగింది తల్లిదండ్రులమే, ఆ కోరికలో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, ఊహించడం, వాదించడం ఇంటి భాషలో జరగనిచ్చి, రాయడం ఇంగ్లిష్‌లో నేర్పవచ్చన్న దారి పుస్తకంలోనే ఉన్నా మేం దాన్ని పట్టుకోలేదు. ఇంగ్లిష్ వాక్యాన్ని అప్పజెప్పించడమే సైన్సు పాఠమైంది.

చొప్పదండిలో నవోదయ ఉంది. చుట్టుపక్కల ఊళ్లల్లో ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రుల చూపంతా దాని మీదే. ఆరో తరగతి ప్రవేశానికి 2 గంటల్లో 80 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటిన్నర నిమిషం. కోరుకోవడం న్యాయమే, పల్లె పిల్లలకు అంత మంచి అవకాశం ఇంకోటి లేదు. కానీ ఆ పరీక్షకు తయారుచేయడమే చదువనుకుని, పదేళ్ల పిల్లలకు ఒకటిన్నర నిమిషంలో తేలని ప్రశ్న ప్రశ్నే కాదన్న అలవాటు చేశాం. మంచు ముక్క అరగంట తీసుకుంటుంది. మొలకెత్తే గింజ వారం తీసుకుంటుంది. సీటు రాని పిల్లలకు, అంటే దాదాపు అందరికీ, ఆ అలవాటే మిగిలింది.

ఇదంతా కుదరని పని అని ఎవరైనా అంటే వాళ్లకు హోషంగాబాద్ చూపించాలి. మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 1972లో 16 పల్లెబడుల్లో ఒక ప్రయత్నం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు మొదలుపెడితే తర్వాత ఏకలవ్య నడిపింది. పిల్లలు గుంపులుగా ప్రయోగాలు చేసి, చూసింది రాసుకుని, దాని మీద వాదించుకునేవాళ్లు. ‘బాల్ వైజ్ఞానిక్’ అనే వాళ్ల పుస్తకంలో జవాబులు ఇచ్చేవారు కాదు. పరీక్షకు పుస్తకం, నోట్సు వెంట తెచ్చుకోవచ్చు, ప్రయోగం చేసి చూపించే పరీక్ష వేరే ఉండేది. టీచర్లు నెలనెలా కలిసి, క్లాసులో ఏం జరిగింది, పిల్లలు ఏమన్నారు అని మాట్లాడుకునేవాళ్లు. సర్కారు బడులే, సర్కారు టీచర్లే. వెయ్యికి పైగా బడులకు పాకిన ఆ పనిని 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది. ముప్పై ఏళ్లు మన పొరుగునే అది నడిచింది. మనకూ నెలనెలా పాఠశాల సముదాయ సమావేశాలు ఉన్నాయి. వాటిలో మేం డీఏ బకాయిల గురించి, యాప్‌లో హాజరు గురించి, బదిలీల గురించి మాట్లాడుకున్నాం. అవీ మాట్లాడుకోవాల్సినవే. ఒక పిల్లవాడు చెప్పిన తప్పు జవాబు గురించి ఒక గంట మాట్లాడుకున్న సమావేశం ఒక్కటీ నాకు గుర్తు లేదు.

బీకర్లు, లెన్సులు ఉన్న సైన్సు కిట్లు బీరువాల్లో తాళం వేసి ఉంచాం. పగిలితే స్టాకు రిజిస్టరులో ఎవరు సమాధానం చెప్పాలన్నది మా చింత. చివరికి అవి దుమ్ము పట్టి, అట్టలు చెదలు తిని, రైటాఫ్ అయ్యాయి. పిల్లల చేతుల్లో పగిలి ఉంటే ఎంత బాగుండేది!

2024 డీఎస్సీలో ఎంపికైన కొత్త టీచర్లకు అక్టోబర్‌లో నియామక పత్రాలు అందాయి, మా బడులకు కూడా కొందరు వచ్చారు. వాళ్లలో మా దగ్గర చదువుకున్నవాళ్లు ఉన్నారు. మేం అప్పజెప్పించిన పిల్లలే వీళ్లు, ఇప్పుడు అప్పజెప్పించడానికి వచ్చారు. చేరిన వారంలోనే “సార్, ఇక్కడ ఎట్ల చెప్తరు?” అని అడిగారు. మేం వాళ్లకు యూనిట్ ప్లాను నమూనా ఇచ్చాం, ఎఫ్‌ఏ మార్కుల రికార్డు ఎలా నింపాలో చూపించాం, ఏ గైడు మంచిదో చెప్పాం. గొంగడి గురించి, గ్రహణం గురించి, బోరులో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయన్న దాని గురించి చొప్పదండి పిల్లలు ఏమనుకుంటారో, ఆ ఊహలను ఏ ప్రయోగంతో కదిలించవచ్చో రాసిపెట్టిన కాగితం కావాలని వాళ్లు అడిగి ఉంటే, మా అందరి సర్వీసునూ కలిపి వెతికినా ఇవ్వడానికి ఒక్కటి కూడా దొరికేది కాదు.